గాలి రోజున ఒక్క పిట్ట

ఆషాఢంలో అలంపూర్ కట్ట మీద నిలబడితే గాలి ఎటు నుంచి వస్తోందో ఎవరినీ అడగనక్కర్లేదు. పడమటి నుంచి వచ్చి, వీపు మీద చెయ్యేసి ఏటి వైపు నెడుతుంది. వెనక నవబ్రహ్మ ఆలయాల శిఖరాలు, ఎదురుగా తుంగభద్ర. ఇంకా వరద రాలేదు. శ్రీశైలం డ్యాము వెనక నీళ్లు తగ్గినప్పుడు తేలిన ఒండ్రు నేల, మధ్యలో పాయ, పాయ మీద పొట్టి పొట్టి అలలు, వాటి కొసన తెల్లని నురగ. పావురాలన్నీ శిఖరాల తూర్పు అంచుల్లోకి చేరి, గాలి తగలకుండా ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నాయి. ఇంకే పిట్టా కనబడదు. మొదటిసారి వచ్చినవాళ్లు పది నిమిషాలు చూసి, "ఇవాళ ఏమీ లేవు" అని వెనక్కి తిరుగుతారు.

నేనూ చాలా ఏళ్లు అలాగే వెనక్కి తిరిగాను. ఇక్కడే కాదు, పులికాట్ దగ్గర కూడా.

పులికాట్ సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే నా తప్పు అక్కడే స్పష్టంగా బయటపడింది. ఒక జనవరి నెలలో సూళ్లూరుపేటలో దిగాను. అక్కడి నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. రోడ్డుకు రెండు పక్కలా మోకాటి లోతు కూడా ఉండని ఉప్పునీళ్లు. చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు మరొకటి లేదు. చలికాలంలో రాజహంసలు, అదే ఫ్లెమింగోలు, అక్కడికి వేలల్లో వస్తాయి. వాటి పేరు మీదే 2001 నుంచి పండుగ కూడా చేస్తున్నారు. నా చేతిలో యాభై పక్షుల పేర్లు రాసుకున్న కాగితం ఉంది. సాయంత్రానికి అన్నిటికీ టిక్కు పెట్టాలని పట్టుదల. ఆ రోజు సముద్రం మీది నుంచి విపరీతమైన గాలి. కాగితం నిలవదు, టెలిస్కోపు కాళ్లు నిలవవు, కళ్లలో నీళ్లు ఆగవు. ఒక చోట కనబడకపోతే ఇంకో చోటుకు పరుగు. ఆటోను ఆపించాను, ఎక్కాను, దిగాను. దూరంగా గులాబీ రంగు చార ఒకటి కదులుతూ కనబడింది. అవి రాజహంసలే. వేల మైళ్లు దాటొచ్చిన నేస్తాన్ని గుమ్మంలోనే పలకరించి పంపేసినట్టు వాటికి టిక్కు పెట్టేసి, తర్వాతి పేరు వెతుక్కుంటూ పోయాను. నేలపట్టులో చెరువు మధ్య చెట్ల మీద గూళ్లు కట్టుకున్న గూడబాతుల దగ్గర కూడా ఐదు నిమిషాల కంటే ఆగలేదు. ఆ రాత్రి రైల్లో కాగితం తీసి చూసుకుంటే పద్దెనిమిది టిక్కులున్నాయి. కళ్లు మూసుకుంటే ఒక్క పిట్ట ముఖమూ గుర్తు రాలేదు.

గాలి వల్ల రోజు పాడైందని అప్పుడు అనుకున్నాను. కాదని తెలియడానికి అలంపూర్ రావాల్సి వచ్చింది.

కట్ట దిగువన ఒక పెద్దాయన పుట్టిని బోర్లించి, దాని చాటున కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. నేను నిలబడి అటూ ఇటూ బైనాక్యులర్స్ తిప్పుతుంటే చాలాసేపు చూసి అడిగాడు.

"ఏం సూస్తుండావు సారూ?"

"పిట్టల్ని చూద్దామని వచ్చాను పెద్దాయనా. ఒక్కటీ లేదు."

"లేకేం? అన్నీ ఉండాయి. గాలికి మూతి పెట్టి నేలకు అతుక్కోనుండాయి. నిలబడి సూస్తే యాడ కనపడతాయి? కూసో."

కూర్చున్నాను. నిలబడ్డప్పుడు చదునుగా కనబడ్డ ఒండ్రు నేల కూర్చున్నాక ఎగుడుదిగుళ్లతో లేచి వచ్చింది. చిన్న చిన్న గట్లు, పశువుల గిట్టలు దిగిన గుంటలు, ఎండిన పుచ్చతీగల కుప్పలు. ఇరవై అడుగుల దూరంలో ఉన్న మట్టిగడ్డ ఒకటి కన్ను తిప్పింది. తీతువు పిట్ట! కంటి ముందు ఎర్రటి తోలు మడత, ముక్కు మొదట్లో ఎరుపు, కొసన నలుపు. పడమటికి తిరిగి, గడ్డ పక్కన ఒదిగి, మెడ లోపలికి లాక్కుని కూర్చుంది. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక సన్నని పొడుగాటి గులాబీ కాళ్ల మీద నల్ల రెక్కల పిట్టలు ఆరు. అన్నీ ఒకే దిక్కుకు, బడిలో ప్రార్థనకు నిలబెట్టిన పిల్లల్లా. పది నిమిషాల్లో పదిహేను పిట్టలు లెక్కపెట్టాను. నేను వచ్చేసరికే అవన్నీ అక్కడున్నాయి.

ఆ పెద్దాయన చెప్పిన మాటలో రెండు సంగతులున్నాయి. వాటి చుట్టూనే ఈ అధ్యాయం.

మొదటిది, గాలికి మూతి పెట్టడం. పక్షి ఈకలు ఇంటి పైకప్పు పెంకుల్లా తల నుంచి తోక వైపు ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి. ఎదురు నుంచి వచ్చే గాలి వాటిని ఇంకా అదిమి పెడుతుంది. వెనక నుంచి వస్తే ఈకలు లేచి ఒంటి వేడి పోతుంది. పైగా ఎగరాల్సి వస్తే ఎదురుగాలే రెక్కను పైకి ఎత్తుతుంది. అందుకే నేల మీది పిట్ట గాలికి వీపు చూపదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే గాలి రోజున మీరెక్కడ నిలబడాలో తేలిపోతుంది. గాలి మీ వీపుకు తగిలేలా ఉంటే పిట్టలు మీ వైపే చూస్తుంటాయి. ముఖం, రొమ్ము బాగా కనబడతాయి. పక్కకు జరిగి గాలి మీ చెవికి తగిలేలా కూర్చుంటే పిట్ట పక్క నుంచి కనబడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇదే మేలు. ముక్కు పొడవు, కాళ్ల ఎత్తు, తోక ఆకారం పక్క నుంచే తెలుస్తాయి.

అలంపూర్ ఈ విషయంలో అదృష్టం చేసుకున్న ఊరు. ఆలయాలు ఏటికి పడమటి ఒడ్డున ఉన్నాయి. వానాకాలపు గాలీ పడమటిదే. సాయంత్రం నాలుగు దాటాక కట్ట మీద కూర్చుంటే గాలీ, ఎండా రెండూ మీ వెనకే. పొద్దున వస్తే ఎండ కళ్లలో పడి, నీళ్ల తళుకులో పిట్టలు నల్లని నీడల్లా కనబడతాయి. అందుకని ఆషాఢ, శ్రావణాల్లో అలంపూర్ వచ్చేవాళ్లకు నా మాట ఒకటే. పొద్దున జోగులాంబ దర్శనం, మ్యూజియం, పాపనాశి గుళ్లు చూసుకోండి. కట్ట మీదికి సాయంత్రం రండి.

గాలి ఎంతుందో పరికరం లేకుండానే తెలుసుకోవచ్చు. 1805లో ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ అనే బ్రిటిష్ నౌకాదళ అధికారి గాలికి అంకెలు ఇచ్చాడు. నేల మీద కనబడే గుర్తులను తర్వాత చేర్చారు. ఆకులు, చిన్న రెమ్మలు ఆగకుండా ఊగుతుంటే మూడు. దుమ్ము, చిత్తు కాగితాలు లేస్తే నాలుగు, అంటే గంటకు 20 నుంచి 28 కిలోమీటర్లు. చిన్న చెట్లు మొదలంటా ఊగితే ఐదు. పెద్ద కొమ్మలు కదిలి, గొడుగు పట్టుకోవడం కష్టమైతే ఆరు. నా నోటుపుస్తకంలో తేదీ పక్కన మొదట రాసేది ఈ అంకే. ఐదు వరకూ కూర్చుంటాను. ఆరైతే ఇంటికి వెళ్లిపోతాను.

ఎదురు తిరిగిన ప్రతి రోజునూ ఎదుర్కొని తీరాలని చెప్పే పుస్తకాలు నాకు నచ్చవు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలును, అలంపూర్‌ను ముంచింది. అలాంటి రోజున ధైర్యవంతుడు చెయ్యాల్సిన పని కట్ట దిగి ఎత్తుకు వెళ్లడమే. ఏ రోజు కూర్చోవాలో, ఏ రోజు లేవాలో ముందే ఒక అంకెగా రాసి పెట్టుకోండి. ఆ రోజు వచ్చాక ఆలోచిద్దామంటే భయమో మొండితనమో నిర్ణయం తీసేసుకుంటుంది.

పెద్దాయన మాటలో రెండోది, "కూసో". ఇది తేలిగ్గా కనబడుతుంది కానీ నాకు ఎక్కువ కాలం పట్టింది దీనికే. గాలిలో నిలబడ్డ మనిషి చేతులు వణుకుతాయి. బైనాక్యులర్స్ పిట్టతో పాటు ఆ వణుకునూ పెద్దది చేసి చూపిస్తాయి. పది రెట్లు చూపించేదాని కంటే ఎనిమిది రెట్లు చూపించేదే గాలి రోజున నయం. నేల మీద కూర్చుని, మోకాళ్లు పైకి ముడిచి, రెండు మోచేతులూ మోకాళ్ల మీద ఆనించండి. బొమ్మ నిలబడుతుంది. టెలిస్కోపు ఉంటే దాని కాళ్లు పూర్తిగా సాచకుండా పొట్టిగా పెట్టి, మధ్యలో మీ సంచి వేలాడదీయండి. నోటుపుస్తకం పేజీలకు బట్టల క్లిప్పులు రెండు చాలు. చెవులు పనిచెయ్యవు కాబట్టి కూత విని గుర్తుపట్టే ఆశ వదులుకోండి. ఏటి ఒడ్డున కొత్త ఒండ్రు మీద మాత్రం అడుగు పెట్టవద్దు. పైన ఎండినట్టు పగుళ్లు కనబడినా కింద మోకాలు లోతు బురద ఉంటుంది.

కూర్చున్నాక చెయ్యాల్సిన పని, ఒక పిట్టను ఎంచుకోవడం. ఒక్కదాన్నే. గంటసేపు.

నేను ఎంచుకున్నది రివర్ టెర్న్. మన నదుల మీద తిరిగే తెల్లని పిట్ట. తలకు నల్ల టోపీ, పసుపు ముక్కు, ఎర్రటి కురచ కాళ్లు, కత్తెరలా రెండుగా చీలిన తోక. ఏటి నడుమ ఇసుక దిబ్బల మీద, వట్టి నేల మీదే గుడ్లు పెడుతుంది. డ్యాముల నీళ్లు ఒక్కసారిగా పెరిగితే ఆ గుడ్లు కొట్టుకుపోతాయి. ప్రపంచం మొత్తం మీద దీని సంఖ్య తగ్గిపోతోందని ముప్పున్న పక్షుల జాబితాలో పెట్టారు.

మామూలు రోజున అది మన ముందు నుంచి తీరుగా ఎగిరి వెళ్లిపోతుంది. చూసేలోపే దాటిపోతుంది. గాలి రోజున అలా కాదు. ఏటికి అవతలి వైపు నుంచి గాలికి ఎదురు వస్తూ, పాయ నడిమికి రాగానే ఆగింది. నిజంగానే ఆగింది. రెక్కల వేగం, గాలి వేగం సరిసమానమై గాలిలో మేకు కొట్టి వేలాడదీసినట్టు నిలిచిపోయింది. తల కిందికి వంచి నీళ్లలోకి చూస్తోంది. ఒళ్లంతా కదులుతోంది కానీ తల మాత్రం కదలడం లేదు. గాలి కొంచెం జోరెత్తితే తోక కత్తెర తెరుచుకుంటుంది, తగ్గితే మూసుకుంటుంది. ముక్కు నిలువునా కిందికి. రెక్కల కొసలు మాత్రమే వణుకుతున్నాయి. నేను ఏడు అంకెలు లెక్కపెట్టాను. ఎనిమిదో అంకెకు రెక్కలు ముడిచి రాయిలా పడింది. లేచేటప్పుడు ముక్కు ఖాళీ. ఒళ్లు ఒక్కసారి దులుపుకుంది, నీటి తుంపర పక్కకు ఎగిరిపోయింది. కాస్త వెనక్కి గాలితో జారి, మళ్లీ తిరిగి, మళ్లీ అదే చోట నిలిచింది.

గంటలో అది పంతొమ్మిది సార్లు దూకింది. ఐదుసార్లు చేప దొరికింది. ఒకసారి దొరికిన చేపను గద్ద తరమడంతో వదిలేసింది. ఆ గద్ద తోకను అప్పుడే దగ్గరగా చూశాను. చీలిన ఆ తోకను అటూ ఇటూ తిప్పుతూ, రెక్క ఆడించకుండానే మలుపు తీసుకుంది. ఎర్రమట్టి రంగు రెక్కలు, తెల్లని తల ఉన్న గరుడపక్షి కూడా ఈ ఏటి మీద తిరుగుతుంది. దాని తోక చీలదు, గుండ్రంగా ఉంటుంది. అంత ఎత్తులో రంగులు తెలియకపోయినా ఈ తోక తేడాతో రెండిటినీ విడదీయవచ్చు. తొమ్మిది బ్రహ్మ ఆలయాల్లో ఒకదాని పేరు గరుడ బ్రహ్మ. ఆ శిఖరం మీదుగా గరుడపక్షి గాలికి ఆనుకుని తేలుతుంటే చూసిన సాయంత్రాలు నాకు రెండు మూడున్నాయి.

ఆ గంటలో ఇంకో పిట్ట పేరు నా పుస్తకంలోకి ఎక్కలేదు. పులికాట్‌లో పద్దెనిమిది టిక్కులు పెట్టినవాణ్ని, ఇక్కడ ఒక్కదాన్ని చూసి కడుపు నిండి ఇంటికి వెళ్లాను. గాలి రోజున పని మానెయ్యకూడదు, పని వెడల్పు తగ్గించాలి. ఎప్పుడూ కూర్చునేంత సేపే కూర్చోండి. చూసేది మాత్రం ఒక్కటే పెట్టుకోండి. మనం సాధారణంగా దీనికి తిరగేసి చేస్తాం. కుదరని రోజున అన్ని పనులూ పెట్టుకుని, ఒక్కొక్కదానికీ ఐదేసి నిమిషాలు ఇచ్చి, అన్నీ సగంలో వదిలి, రాత్రికి దినమంతా వృథా అయిందని బాధపడతాం.

గద్వాలలో గ్రూప్స్ పరీక్షకు చదువుతున్న ఒక అమ్మాయికి ఈ సంగతి చెప్పాను. రెండు గదుల ఇల్లు. పెళ్లిపనులకని చుట్టాలు దిగారు, వారం రోజులు ఉంటారు. రోజుకు రెండు సబ్జెక్టులని టైంటేబుల్ వేసుకుంది, అది మొదటి రోజే పోయింది. "అయితే పుస్తకాలన్నీ కట్టిపెట్టెయ్యనా సార్?" అని అడిగింది. ఒకే ఒక్కటి పెట్టుకోమన్నాను. ఆ వారం ఆమె కృష్ణానది పటం మాత్రమే పెట్టుకుంది. మహాబలేశ్వరం నుంచి హంసలదీవి దాకా. ఉపనదులు ఎక్కడెక్కడ కలుస్తాయి, ప్రాజెక్టులు ఎక్కడున్నాయి. రోజూ మేడమెట్ల మీద కూర్చుని చూడకుండా గీసేది. వారం తర్వాత నాకు ఫోన్ చేసి భీమా ఎక్కడ కలుస్తుందో, తుంగభద్ర ఎక్కడ కలుస్తుందో కళ్లు మూసుకుని చెప్పింది. "మన అలంపూర్‌కు దిగువనే సార్, సంగమేశ్వరం దగ్గర" అంది. ఆ గొంతులో ఉన్న సంతోషం నాకు బాగా గుర్తు.

మీ పనిలో ఆ ఒక్కటి ఏదో మీరే ఎంచుకోవాలి. ఎంచుకునేటప్పుడు నేనొకటి చూసుకుంటాను. ఆ పరిస్థితిలోనే బాగా కనబడేది ఏది? గాలి లేని రోజున టెర్న్ అలా నిలబడదు. ఇల్లు ప్రశాంతంగా ఉన్న రోజున ఆ అమ్మాయి పటం జోలికి వెళ్లేది కాదు, లావు పుస్తకాలే తెరిచేది. ప్రతి ఇబ్బందీ కొన్నిటిని దాచేసి, ఒకటో రెండో మన ముందుకు తోస్తుంది. దాచినవాటి కోసం వెతుకుతుంటే తోసినవి కూడా చేజారిపోతాయి. వానాకాలపు గాలి వలస బాతులను తీసుకురాదు, వాటి కాలం చలికాలం. కానీ చాతకాన్ని తెస్తుంది. నలుపు తెలుపు ఒళ్లు, తల మీద నల్లని జుట్టు. ఉత్తరాదికి వెళ్లే చాతకాలు ఆఫ్రికా వైపు నుంచి నైరుతి గాలుల దారినే వస్తాయి. వాన కోసం నోరు తెరుచుకుని చూస్తుందని మన పెద్దలు చెప్పిన పిట్ట అదే.

ఇంకొక సంగతి, నోటుపుస్తకం గురించి. ఏమీ కనబడని రోజును కూడా రాయండి. తేదీ, చోటు, గాలి అంకె, ఎంతసేపు కూర్చున్నారు, ఏం చూశారు. ఏమీ చూడకపోతే "ఏమీ లేవు" అనే రాయండి. 1931–32లో సలీం అలీ నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసినప్పుడు నల్లమలలో, ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉన్న ఫరహాబాదులో కూడా మకాం వేశారు. ఆనాడు ఏ చోట ఏ పిట్ట ఉందో రాసిపెట్టి ఉండబట్టే ఈనాడు ఏది పోయిందో మనం చెప్పగలుగుతున్నాం. ఇక్కడికి దగ్గరలోనే, కర్నూలు అవతల రోళ్లపాడు గడ్డిభూములు ఉన్నాయి. బట్టమేక పిట్ట కోసమే 1988లో వాటిని అభయారణ్యం చేశారు. ఇప్పుడు అక్కడ బట్టమేక కనబడటమే గగనమైపోయింది. ఇలాంటి చోట రోజూ వెళ్లి లెక్క రాసుకోవాలి. కనబడని రోజులూ రాసుకోవాలి. తగ్గుతోందని ముందు చెప్పేది ఆ ఖాళీ రోజులే.

ఇప్పుడు ఫోన్లో ఈబర్డ్ అనే యాప్ ఉంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పక్షి పరిశోధనశాల వాళ్లు 2002లో దాన్ని వెబ్‌సైటుగా మొదలుపెట్టారు. జాబితా పంపేటప్పుడు "మీరు చూసినవన్నీ రాశారా?" అని అది అడుగుతుంది. అవును అంటే, రాయనివి కనబడలేదని దానికి అర్థం. అక్కడ లేకపోవడం కూడా ఒక సమాచారమే. మన సొంత లెక్కల్లో మాత్రం మనం మంచి రోజులనే రాసుకుంటాం. ఏడాది తర్వాత తిరగేస్తే అందులో గాలే ఉండదు. తర్వాత గాలి వచ్చినప్పుడు ఇదేదో ఎన్నడూ లేని కష్టమని బెంబేలెత్తిపోతాం. నా పుస్తకంలో పోయిన ఏడాది ఆషాఢం పేజీలు తీసి చూస్తే పన్నెండు సాయంత్రాలున్నాయి. ఏడింటికి గాలి నాలుగో ఐదో. మూడింటికి ఆరు, తిరిగి వచ్చేశాను. "ఏమీ లేవు" అని రాసినవి రెండు. ఆ పేజీలు చూశాకే ఈ ఏడాది ఏ సాయంత్రానికీ భయపడకుండా బయలుదేరుతున్నాను.

నిన్న కూడా వెళ్లాను. గాలి ఐదు. పెద్దాయన లేడు. పుట్టి మాత్రం బోర్లించి ఉంది, ఎగిరిపోకుండా దాని మీద రెండు రాళ్లు పెట్టి ఉన్నాయి. దాని చాటున కూర్చున్నాను. నీళ్లు మొన్నటి కంటే ఒక జాన పైకి వచ్చాయి, ఎగువన ఎక్కడో వదిలినట్టున్నారు. తీతువులు కూర్చునే గట్టు సగం మునిగింది. అవి కాస్త పైకి జరిగి, మళ్లీ పడమటికి తిరిగి కూర్చున్నాయి. టెర్న్ రావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఈసారి దాని వెనక ఇంకొకటి ఉంది. ముక్కు కొస నలుపు, తల మీద టోపీ ఇంకా సరిగ్గా పట్టలేదు. ఈ ఏటి పిల్లే. తల్లి నిలిచిన చోటికి పది గజాల వెనక అదీ గాలిలో నిలబడటానికి ప్రయత్నించింది. ఒక పక్కకు ఒరిగింది, గాలి దాన్ని వెనక్కి తోసేసింది. తిరిగి వచ్చింది. తోక తెరిచింది, మూసింది. మూడోసారి, నేను నాలుగు అంకెలు లెక్కపెట్టేదాకా నిలిచింది.